బ్యారేజి అను పదము: అర్థము, ప్రయోగము

గత సంవత్సరము తొమ్మిదవ తరగతిలో ఆంగ్లవాక్యములను తెనుగు చేయించుచుండగా నొక చిన్న సంగతి జరిగినది. మొదటి ప్రపంచయుద్ధమునకు సంబంధించిన వాక్య మొకటి నల్లబల్లపై వ్రాసితిమి. "ఉదయము ఏడున్నర గంటలకు బ్యారేజి లేచినది, సైనికులు ముందునకు నడచిరి" అనునది దానికి మక్కికి మక్కి తెనుగు. కృష్ణయొడ్డున నున్న యొక లంకగ్రామమునుండి వచ్చి, మా వసతిగృహములో నుండి చదువుకొను బాలు డొకడు తన పుస్తకములో నిట్లు వ్రాసెను: "ఉదయము ఏడున్నరకు బ్యారేజి గేట్లు ఎత్తిరి. సైనికులు ముందునకు పోయిరి."

తరగతి యంతయు నవ్వినది. "గేట్లు ఎత్తిన తరువాత దిగువకు నడచిపోయినవాడు తిరిగి వచ్చునా?" అని వెనుకబల్లనుండి యొకడు పరిహాస మాడెను. మేమును నవ్వితిమి. "ఇచ్చట బ్యారేజి యనగా ఆనకట్ట కాదు, ఫిరంగులు ఎడతెగక కురిపించు గుండ్ల వర్షము" అని చెప్పి, ఆ వాక్యమును ఎఱ్ఱసిరాతో కొట్టివేసి పాఠము ముగించితిమి. బాలుడు తల వంచుకొని కూర్చుండెను.

ఆ సాయంకాలము నిఘంటువులను, యుద్ధచరిత్రలను తిరుగవేసి చూచిన పిమ్మట, ఆ బాలుని తప్పుకంటె మా దిద్దుబాటే పెద్ద తప్పని మాకు తెలిసినది. తరగతిలో పదిమంది యెదుట చేసిన పొరపాటును పదిమంది యెదుటనే దిద్దుకొనుట న్యాయము గనుక, ఈ సంచికలో నా పదమును గూర్చి కొంత వివరముగా వ్రాయుచున్నాము. విద్యార్థులతోపాటు వారి తలిదండ్రులును దీనిని చదువుదురని మా యాశ.

మూడు పదములు

ఫిరంగులు ఆగక కాల్చుటను చెప్పుటకు ఆంగ్లమున ముఖ్యముగా మూడు పదములు కలవు: క్యానొనేడ్, బాంబార్డుమెంటు, బ్యారేజి. వార్తాపత్రికలలో నీ మూడింటిని ఒకదానికి బదులొకటి వాడుచుందురు. మనము మూడింటికిని "గుండ్ల వర్షము" అనియే తెనుగు చేయుచుందుము. కాని వీని పుట్టుకను విచారించినచో మూడును మూడు వేరువేరు సంగతులను చెప్పుచున్నవి.

క్యానొనేడ్ అను మాటకు మూలము లాటినులోని కన్నా. రెల్లువంటి బోలుగొట్టమునకు అది పేరు. దానినుండి ఇటలీవారు పెద్దగొట్టమను నర్థమున కన్నోనె యనిరి. అదియే ఫిరంగికి పేరైనది. అట్టి గొట్టములు పెక్కుసారులు ప్రేలుట క్యానొనేడ్. ఈ పదము సాధనమును బట్టి కలిగినది.

బాంబార్డుమెంటు అను మాటకు మూలము బొంబస్. తుమ్మెదల ఝుంకారమువంటి, ఉరుమువంటి మ్రోతకు ప్రాచీనులు పెట్టిన పేరది. రాతిగుండ్లను విసరు పాతకాలపు ఫిరంగిని ఆ మ్రోతను బట్టి బొంబార్డ యనిరి. కోటనో, పట్టణమునో, రేవునో గురిపెట్టి పగులగొట్టుటకై కాల్చుట బాంబార్డుమెంటు. ఈ పదము ధ్వనిని బట్టి కలిగినది.

బ్యారేజి మాట వేరు. ఫ్రెంచిభాషలో బార్ అనగా గడియ, అడ్డుకఱ్ఱ. బారే అనగా అడ్డుపెట్టుట. ఆ క్రియనుండి కలిగిన నామము బరాజ్. అనగా అడ్డు, అడ్డుకట్ట. ఈ పదములో గొట్టము లేదు, మ్రోత లేదు, గుండు లేదు. చేయు పనిని మాత్రమే యిది చెప్పుచున్నది. ఆ పని అడ్డగించుట. మన లంకబాలుడు ఎఱుగకయే పట్టుకొనిన సంగతి యిదియే.

మన భాషలోని మాటలు

పరభాషాపదములను చూచుటకు ముందు మన యింటి మాటలను కొంచెము పరికింతము. గుంటూరునుండి నరసరావుపేట పోవు దారిలో, కొండవీటికి దాపున ఫిరంగిపురము కలదు. ఆ యూరిమీదుగా పోవునపుడు ఫిరంగి యను మాటను మనలో నెందరు విచారించితిమి? ఐరోపాలోని ఫ్రాంకులను జాతివారిని అరబ్బులు, పారసీకులు ఫరంగీ లనిరి. క్రమముగా ఐరోపావారి కందఱికి నది పేరైనది. మన దేశమునకు వచ్చి పరంగి యనియు, ఫిరంగి యనియు రూపము మార్చుకొన్నది. వైద్యులు వాడు పరంగిచెక్క పేరు కూడ అట్లు కలిగినదే. ఆ జనులు తెచ్చిన గొప్ప తుపాకికి కూడ తెనుగువారు ఫిరంగి యనియే పేరు పెట్టిరి. కాబట్టి ఫిరంగిపురమను పేరునకు ఫిరంగీలను బట్టియు, ఫిరంగులను బట్టియు రెండు విధముల అర్థము చెప్పుకొనవచ్చును.

శతఘ్ని యను సంస్కృతపదమును కూడ మనవారు ఫిరంగి కర్థముగా వాడుదురు. నూఱుగురిని చంపునది యని దాని వ్యుత్పత్తి. ప్రాచీనకావ్యములలో కోటబురుజులపై నుంచు నొక యాయుధమునకు అది పేరు. అప్పటికి తుపాకిమందు మన దేశమున లేదు గనుక, కావ్యములలో శతఘ్ని కనబడినంతనే ఫిరంగి యని తలపరాదు. పాతపేరు క్రొత్తవస్తువునకు దొరకినదని మాత్రమే గ్రహింపవలెను.

మందు అను మాటను చూడుడు. వైద్యుడిచ్చునదియు మందే, తుపాకిలో కూరునదియు మందే, మన మెట్టపొలములలో ప్రత్తికిని మిరపకును కొట్టునదియు మందే. "మందు తెమ్ము" అని తండ్రి చెప్పినపుడు ఏ మందో చోటును బట్టి కొడుకు తెలిసికొనును. మాటకు అర్థము నిఘంటువులోనే కాక, అది పలుకబడిన చోటునందును ఉండునని దీనివలన తెలియుచున్నది.

బొబ్బిలి, బందరు, మద్రాసు

ఇక మూడు ఆంగ్లపదములను మన దేశచరిత్రలోని సంగతులతో సరిచూతము.

1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన బొబ్బిలికోటపై బుస్సీ నడపిన ఫ్రెంచి సైన్యము ఫిరంగులు కాల్చినది. కోటగోడలు మట్టివి. ఉదయమునుండి గుండ్లు తగిలి బురుజుల అంచులు విరిగిపడినవి. అటుపిమ్మట సైనికులు ఎగబ్రాకుటకు పూనుకొనిరి. అది క్యానొనేడ్. తెనుగున "ఫిరంగుల మ్రోత" యనియో, "ఫిరంగుల కాల్పు" అనియో చెప్పిన సరిపోవును. బొబ్బిలియుద్ధమును గూర్చి వ్రాయుచు "బుస్సీ బ్యారేజి పెట్టెను" అని వ్రాసినచో తప్పు. ఆ పదము యుద్ధభాషలోనికి వచ్చుటకు అప్పటికింక నూటయేబది యేండ్లకు పైబడిన కాలము గడువవలసి యున్నది.

ఆ తరువాత రెండేండ్లకు, 1759లో, ఆంగ్లసేనాని ఫోర్డు మన పొరుగుననున్న బందరుకోటను ముట్టడించెను. మార్చి 25వ తేదీన అతని ఫిరంగులు కోటపై కాల్చుట మొదలుపెట్టినవి. దినముల తరబడి కాల్చి, తన యొద్ద రెండుదినములకు మాత్రమే మందుగుండు మిగిలియున్నదని తెలిసికొని, ఏప్రిలు 7వ తేదీ రాత్రి అతడు కోటపై బడి పట్టుకొనెను. అది బాంబార్డుమెంటు. గురి కోట, పని పగులగొట్టుట.

1914వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అను జర్మనుయుద్ధనౌక మద్రాసు రేవునకు వచ్చి, సుమారు అరగంట కాలములో నూఱింటికి పైగా గుండ్లు కాల్చి చమురుతొట్లను తగులబెట్టినది. గుంటూరుజిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలో చేరియుండెను. ఇదియు బాంబార్డుమెంటే. నౌకమీదినుండి కాల్చినను, నేలమీదినుండి కాల్చినను, గురి స్థిరమైన స్థలము కావున పదము మాఱదు.

ఈ మూడింటిలో నెక్కడను అడ్డగించుట లేదు. కాబట్టి బ్యారేజి యనుటకు వీలులేదు.

నీటి బ్యారేజి

ఫ్రెంచివారి బరాజ్ ఆంగ్లభాషలోనికి మొదట నీటివెంట వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దమున ఈజిప్టుదేశములో కైరోనగరమునకు దిగువ, నైలునది పాయలుగా చీలుచోట, ఫ్రెంచి ఇంజనీరులు ద్వారములుగల కట్ట యొకటి నిర్మించిరి. ఆంగ్లేయులు దానిని ఫ్రెంచిపేరుతోనే వ్యవహరించిరి. పిదప అట్టి కట్టడములన్నింటికిని అదియే పేరైనది. ఇంతకుముందే ఆంగ్లేయులు మన దక్షిణదేశభాషలలోని ఆనకట్ట యను మాటను తమ నాలుకకు తగినట్లు మార్చి ఆనికట్ అని తమ నిఘంటువులలో చేర్చుకొనియుండిరి. అనగా వారు మన మాట నొకటి పుచ్చుకొని, ఫ్రెంచివారి మాట నొకటి మనకు తెచ్చి యిచ్చిరి.

ఈ రెండుమాటల భేదమును మన కృష్ణయే చూపుచున్నది. 1852 మొదలు 1855 వరకు విజయవాడ, సీతానగరముల నడుమ కట్టినది ఆనకట్ట. అది నదికడ్డముగా నున్న రాతిగట్టు. నీరు ఎక్కువైనపుడు దానిమీదుగా పొరలిపోవును. 1952లో అది గండిపడినది. దానికి బదులుగా 1954లో ఆరంభించి 1957లో పూర్తిచేసినది బ్యారేజి. దానికి డెబ్బది గేట్లు కలవు. నీటిని ఆపుటయు విడుచుటయు గేట్లవలన జరుగును. ఆనకట్టకు కదలిక లేదు. బ్యారేజి తెరచుకొనును, మూసికొనును. ఎప్పుడు తెరువవలెను, ఎంత తెరువవలెను అని లెక్కించు మనుష్యుడు దాని వెనుక నుండవలెను.

ఈ కట్టడమునకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. 1972లో ఒంగోలుజిల్లాకు కూడ ఆయన పేరే పెట్టిరి. 1928లో సైమను సంఘమునకు వ్యతిరేకముగా మద్రాసులో జరిగిన ప్రదర్శనమున, తుపాకులు చూపి అడ్డగించినవారి యెదుట ఆయన రొమ్ము విప్పి నిలిచిన సంగతి మన బడిపిల్లలందఱు ఎఱిగినదే. తుపాకికి వెనుదీయని మనుష్యుని పేరు ఈ పదముతో కలిసి మన నోట నిత్యము పలుకుచున్నది.

అగ్ని బ్యారేజి

మొదటి ప్రపంచయుద్ధమున పశ్చిమరంగములో సైన్యములు ఎదురెదురుగా కందకములు త్రవ్వుకొని, ముండ్లతీగెలు పాతుకొని కూర్చున్నవి. అప్పుడు ఫ్రెంచి ఫిరంగిదళములవా రొక పద్ధతి అవలంబించిరి. శత్రువు ఉన్న చోటనే గాక, అతడు రాగల దారిమీద నొక గీత గీచి, ఆ గీతవెంట ఎడము లేకుండ గుండ్లు పడునట్లు కాల్చిరి. గుండ్లు ప్రేలుచున్నంతసేపు ఆ గీతను దాటి యెవరును రాలేరు. నది కడ్డముగా కట్ట వేసినట్లే సైన్యమున కడ్డముగా నిప్పుతో కట్ట వేసిరి. దీనిని వారు అడ్డుకాల్పు అను నర్థమున తీర్ ద బరాజ్ అనిరి. ఆంగ్లేయులు మొదటిమాటలను విడిచి, చివరిమాటను మాత్రము పుచ్చుకొనిరి. నీటినుండి పుట్టిన పదము అగ్నికి పేరైన విధ మిది.

1915 మార్చి 10వ తేదీన నవ్ షాపెల్ అను గ్రామమువద్ద మన దేశపు సైనికులు ఈ పద్ధతిని కన్నులార చూచిరి. మీరట్ డివిజనులోని గర్వాలు, గూర్ఖా దళములు ఆ దినమున ముందున నడచినవి. మొదట ముప్పదియైదు నిమిషములు శత్రువుల కందకములపై బాంబార్డుమెంటు జరిగెను. పిదప ఫిరంగులు తమ గురిని దూరమునకు మార్చి, వెనుకనుండి సహాయసైన్యము రాకుండ గుండ్లతో తెర కట్టినవి. ఒక్క యుదయముననే రెండు పదములకును ఉదాహరణము దొరకినది: ముందుది పగులగొట్టుట, వెనుకది అడ్డగించుట. ఆ గ్రామమున 1927లో భారతీయ సైనికుల స్మారకచిహ్నము నెలకొల్పిరి. సమాధియైనను ఎఱుగరాని 4,700 మందికి పైగా మనవారి పేర్లు దానిపై చెక్కబడియున్నవి.

ఇక నల్లబల్లమీది వాక్యములోని "లేచుట" యన నేమి? ఫిరంగి మూతిని కొంచెము పైకెత్తినచో గుండు మఱికొంత దూరమున పడును. కావున గుండ్లతెరను ఒక గీతనుండి దూరముననున్న మఱియొక గీతకు జరుపుటను ఎత్తుట యందురు. తెర ఎత్తగనే అంతవరకు దాని వెనుక కాచుకొనియున్న పదాతులు ఖాళీయైన నేలమీదుగా పరుగెత్తవలెను. తెర ముందుగా లేచినచో శత్రువు తేరుకొని తుపాకి పట్టును. ఆలస్యముగా లేచినచో తమ గుండ్లే తమవారిమీద పడును. ఈ పని యంతయు గడియారముతో జరుగును.

1916వ సంవత్సరము జూన్ 24వ తేదీనుండి ఫ్రాన్సుదేశమున సోమ్ నదీప్రాంతమున ఆంగ్లఫిరంగులు ఏడుదినములు ఎడతెగక కాల్చినవి. సుమారు పదునైదు లక్షల గుండ్లు పడినవి. అన్ని గుండ్ల క్రింద ఎవరు బ్రతికియుందురని సేనానులు తలచిరి. కాని గుండ్లలో పెక్కులు ప్రేలలేదు. పలుచోట్ల ముండ్లతీగెలు తెగలేదు. జర్మనులు నేలలో లోతుగా త్రవ్వుకొనిన గదులలో దాగి ప్రాణములతో నుండిరి. జూలై 1వ తేదీ ఉదయము ఏడున్నర గంటలకు, ముందు వ్రాసిపెట్టుకొనిన కాలమునకు సరిగా, తెర ముందుకందకములను విడిచి లేచినది. సైనికులు వరుసలు కట్టి నడచిరి. జర్మనులు గదులలోనుండి పైకి వచ్చి మరతుపాకులు పేల్చిరి. తెరను వెనుకకు పిలుచుటకు సాధనము లేదు. అది కాగితముమీది కాలము ప్రకారము దూరదూరముగా సాగిపోయెను. ఆ యొక్క దినమున ఆంగ్లసైన్యములో 57,470 మంది నష్టమైరి. వారిలో 19,240 మంది మరణించిరి.

వెనుకబల్ల విద్యార్థి పరిహాసముగా వేసిన ప్రశ్నకు ఇది ప్రత్యుత్తరము. గేట్లు ఎత్తిన తరువాత నడచిపోయినవారు వేలకొలది తిరిగి రాలేదు. ఆ వాక్యమును నల్లబల్లపై వ్రాసినపుడు దాని వెనుక నెట్టి ఉదయ మున్నదో మాకు తోచలేదు.

అటుపిమ్మట ప్రాకుడు బ్యారేజి యను పద్ధతి బలపడినది. గుండ్లతెర మూడు నాలుగు నిమిషములకు నూఱు గజముల చొప్పున మెల్లగా ముందునకు జరుగుచుండును; పదాతులు దాని వెన్నంటి నడతురు. శత్రువు తల యెత్తకమునుపే వారు అతనిని చేరవలెను. ఇక్కడను తెరయొక్క పని చంపుట కంటె అడ్డగించుటయే: శత్రువును గదిలోనుండి బయటికి రానీయకుండుట.

ఈ యర్థమునకు మఱియొక నిదర్శనము చెప్పెదము. రెండవ ప్రపంచయుద్ధమున లండను నగరముమీద పెద్ద బుడగలను ఇనుపత్రాళ్లతో కట్టి ఆకాశమున ఎగురవేసిరి. శత్రువిమానములు క్రిందికి దిగకుండ ఆ త్రాళ్లు అడ్డుపడును. వీనిని బ్యారేజి బెలూను లనిరి. వానిలో ఫిరంగి లేదు, గుండు లేదు. అడ్డు మాత్రమే కలదు. బ్యారేజి యనగా కేవలము గుండ్ల వర్షమే యైనచో ఈ పేరు ఎట్లు పొసగును?

ప్రత్తిరైతుల బిడ్డలు తెలిసికొనదగిన సంగతి యొకటి కలదు. ఆ గుండ్లను త్రోసిన మందు ప్రత్తినుండి పుట్టినది. 1846లో షోన్‌బైన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు, ప్రత్తిని నత్రికామ్ల గంధకికామ్లముల మిశ్రమములో ముంచి ఆరబెట్టినచో భగ్గున మండు పదార్థ మగునని ప్రకటించెను. ఆంగ్లఫిరంగులలో వాడిన కార్డైటు అను మందులో అట్లు సిద్ధముచేసిన ప్రత్తి ముఖ్యమైన పాలు. మన చేలలో తెల్లగా విచ్చు కాయకు పంచెయగుటయు సాధ్యమే, ఫిరంగిమందగుటయు సాధ్యమే.

ప్రయోగము

ఇప్పుడు తెనుగు చేయునపుడు పాటింపవలసిన నియమములను చెప్పుదుము.

క్యానొనేడ్ అనుచోట "ఫిరంగుల మ్రోత", "ఫిరంగుల కాల్పు" అని వ్రాయవచ్చును. బాంబార్డుమెంటు అనుచోట "గుండ్ల వర్షము", "ఫిరంగిదాడి" యనవచ్చును. ఏ స్థలముపై జరిగినదో చెప్పుట మఱవరాదు. యుద్ధసందర్భమున బ్యారేజి యనుచోట "గుండ్లతెర" లేక "గుండ్లకట్ట" అని వ్రాయవలెను. అది దేనిని అడ్డగించినదో చెప్పవలెను. నదిసందర్భమున బ్యారేజి యనియే యుంచవలెను. మన రైతులు, పడవవారు, బస్సువారు ఆ మాటనే యనుచున్నారు. దానిని తీసివేసి యెవరికిని తెలియని సమాసమును కల్పించుట భాషకు సేవ కాదు.

ఉపమానముగా వాడునపుడు మఱింత జాగ్రత్త వలెను. ఒకనిపై ప్రశ్నలు గ్రుమ్మరించిరను చోట ఆంగ్లేయులు "ప్రశ్నల బ్యారేజి" యందురు. తెనుగున "ప్రశ్నల వర్షము" అనుట కలదు. అది చాలును. కాని ప్రత్యుత్తర మిచ్చుటకు నోరు తెరువనీయక, కదలనీయక ప్రశ్నించినపుడు "ఊపిరి త్రిప్పుకొననీయని ప్రశ్నలు" అనినచో అసలు పదమునకు మఱింత సమీపమగును. వర్షము తడుపును, కట్ట ఆపును. ఈ భేదమును బట్టి మాటను ఎన్నుకొనవలెను. ఒక బాలుడు రెండు ప్రశ్నలడిగినంతనే దానిని బ్యారేజి యనరాదు.

అభ్యాసముగా నాలుగు వాక్యములిచ్చుచున్నాము. ఖాళీలలో క్యానొనేడ్, బాంబార్డుమెంటు, బ్యారేజి యను మూడు పదములలో తగినదానిని నింపి, పిమ్మట తెనుగుమాటను వ్రాయుడు.

ఒకటి: రేవులోని గిడ్డంగులపై నౌకలు రెండుగంటలు ........ జరిపినవి.

రెండు: వంతెనమీదుగా సహాయసైన్యము రాకుండ వంతెనకు ఈవల ........ పెట్టిరి.

మూడు: రెండు సైన్యములును మైదానమున నిలిచి సాయంకాలమువరకు ........ సాగించినవి, ఎవరును ముందునకు కదలలేదు.

నాలుగు: ఎగువను వానలు పడుటచే ........ గేట్లు ఎత్తిరి.

లంకబాలుని వాక్యము

తరగతిలో నవ్వినవారిలో ఎక్కువమంది మెట్టప్రాంతపు పిల్లలు. ప్రత్తిచేల నడుమ, మిరపకల్లముల నడుమ పెరిగినవారు. వారికి నీరనగా మేఘమువంక చూచుట, బోరు నమ్ముకొనుట. గేట్లు ఎత్తుటయన నేమో లంకవారికి తెలిసినట్లు వారికి తెలియదు. మఱునా డా బాలుని పిలిచి, "నీ వేమని తలచి యట్లు వ్రాసితివి?" అని అడిగితిమి. అతడు కొంతసేపు ఊరకుండి, "గేట్లు ఎత్తుచున్నారని దండోరా వేయుదురండీ. అప్పుడు గొడ్లను విప్పుకొని గట్టెక్కవలెను. ఎంతసేపటిలో నీరు వచ్చునో మా నాయన లెక్కపెట్టుకొని కూర్చుండును. సైనికులు కూడ అట్లే లెక్కపెట్టుకొని బయలుదేరిరేమో యనుకొన్నానండీ" అనెను.

2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశం బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి, డెబ్బది గేట్లును ఎత్తవలసివచ్చినది. ఎగువనుండి కొట్టుకొనివచ్చిన పడవలు గేట్లను ఢీకొన్నవి. దిగువ లంకలు మునిగినవి. ఆ రాత్రి ఆ బాలుని కుటుంబము గట్టుమీద గడపినది. అతనికి బ్యారేజి యను పదమునకు అర్థము నిఘంటువులో చూడవలసిన అవసరము లేకపోయెను. అడ్డు ఒకటి యున్నదనియు, అది లేచు గడియ యొకటి యున్నదనియు, ఆ గడియను తెలిసికొని నడచినవాడే బ్రతుకుననియు అతడు ఎఱుగును. సోమ్ నదివద్ద ఆ యుదయమున జరిగినదానిని అర్థము చేసికొనుటకు కావలసినది ఇదియే.

అతని వాక్యము పూర్తిగా సరియైనదని చెప్పము. యుద్ధమున గేట్లు లేవు, నీరును లేదు. "ఏడున్నర గంటలకు గుండ్లతెర లేచి ముందునకు జరిగెను, సైనికులు నడక సాగించిరి" అని వ్రాయవలసియుండెను. కాని అతడు పదముయొక్క వేరును పట్టుకొనెను. మేము ఆకును పట్టుకొని అతనిని మందలించితిమి. ఎఱ్ఱసిరా గీతను చెరుపుటకు వీలుపడలేదు. దాని ప్రక్కన పదింటికి ఏడు మార్కులు వేసి సంతకము చేసి, తరగతి యెదుట పుస్తకమును అతని చేతి కిచ్చితిమి. ఈసారి ఎవరును నవ్వలేదు. వెనుకబల్లమీది విద్యార్థి మాత్రము లేచి, "గేట్లు ఎత్తుటకు ఎంతసేపు ముందుగా దండోరా వేయుదురు?" అని అతనిని అడిగెను.

విద్యార్థులారా, క్రొత్తమాట యేదైనను మీ కెదురైనపుడు అది మీ యూరిలో నేమని పలుకబడుచున్నదో మొదట చూచుకొనుడు. పిమ్మట నిఘంటువు తెరువుడు. రెండర్థములును కలియుచోటును వెదకుడు. తోడివాని జవాబు విని నవ్వుటకు ముందు, అతడు ఏ యూరినుండి వచ్చినాడో తలచుకొనుడు.